మెట్రిక్ అనే గడప



జూన్ నెల వచ్చిందంటే మన ఇళ్ళల్లో ఒకటే హడావిడి. యూనిఫారాలు కుట్టించాలి, పుస్తకాలకు అట్టలు వెయ్యాలి, ఫీజులు కట్టాలి. అందులోనూ పిల్లలు ఏడో ఎనిమిదో దాటి హైస్కూలు పెద్ద తరగతుల్లోకి వచ్చారంటే ఆ హడావిడికి భయం కూడా తోడవుతుంది. "ఇక ఆటలు కట్టిపెట్టు, పదో తరగతి దగ్గర పడుతోంది" అని అమ్మ మొదలు పక్కింటి పిన్నిగారి దాకా అందరూ అనేవాళ్ళే. అసలీ పదో తరగతిని ఇంత పెద్ద గడపగా కట్టిందెవరు? మన అమ్మమ్మలు, నాయనమ్మలు దీన్ని దాటడానికి ఏ దారులు వెతుక్కున్నారు? ఈ వేళ ఆ సంగతులు చెప్పుకుందాం. నేను చదివింది ఆ పదో తరగతి వరకే కాబట్టి, ఈ గడప గురించి మాట్లాడే హక్కు నాకు కాస్త ఉందనే అనుకుంటున్నాను.

1854లో చార్లెస్ వుడ్ అనే దొర పంపిన విద్యా ప్రణాళికను అనుసరించి, 1857లో మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాల్లో విశ్వవిద్యాలయాలు వెలిశాయి. కాలేజీలో చేరదలచిన వాళ్ళు ముందు ఒక పరీక్ష నెగ్గాలన్నారు. దానికి పేరు మెట్రిక్యులేషన్. అంటే విశ్వవిద్యాలయం వారి పట్టీలో పేరు ఎక్కడం అన్నమాట. ఇందులో ఒక చిత్రం చూడండి. హైస్కూలు చదువు ముగిసినట్టు చెప్పడానికి పుట్టిన పరీక్ష కాదది, కాలేజీ గుమ్మం దగ్గర నిలబెట్టిన కాపలా. కాలేజీకి వెళ్ళే ఉద్దేశం లేని పిల్లవాడు కూడా ఆ కాపలావాడి ముందు నిలబడక తప్పేది కాదు, ఎందుకంటే గుమాస్తా ఉద్యోగానికైనా మొదట అడిగేది అదే. అందుకే ఆ రోజుల్లో "మెట్రిక్ ఫెయిల్" అని చెప్పుకోవడం కూడా ఒక చదువు కింద లెక్కే! కనీసం పరీక్ష దాకా వెళ్ళాడు కదా అని పెళ్ళిసంబంధాల్లో గొప్పగా చెప్పుకునేవారట.

కుంభకోణం కుర్రవాడు శ్రీనివాస రామానుజన్ 1903లో మెట్రిక్ బాగానే నెగ్గి స్కాలర్‌షిప్పు తెచ్చుకున్నాడు. ఆ తరువాతి ఎఫ్.ఏ. పరీక్ష మాత్రం ఆయనకు కొరుకుడు పడలేదు. లెక్కల్లో మునిగి తక్కిన సబ్జెక్టులు వదిలేశాడు, ఆ పరీక్షేమో అన్నిటిలోనూ పాసు కావాలంటుంది. ప్రపంచం మెచ్చిన మేధావికే తప్పలేదంటే, లెక్కల్లో తొంభై తెచ్చుకుని సోషల్లో జారిపోయిన మన పిల్లవాణ్ణి ఇంట్లో అంత మాట అననక్కరలేదేమో!

ఈ కాపలా పద్ధతి బాగాలేదని మద్రాసు ప్రభుత్వం వారికీ తోచింది. 1911 నుంచి మెట్రిక్ స్థానంలో ఎస్.ఎస్.ఎల్.సి. వచ్చింది. సెకండరీ స్కూల్ లీవింగ్ సర్టిఫికెట్ అన్న పేరులోనే చూడండి, ఇది బడి విడిచి వెళ్ళేటప్పుడు ఇచ్చే పత్రం. పిల్లవాడు మూడు గంటల పరీక్షలో ఏం రాశాడన్నదే కాక, బడిలో ఉన్నన్నాళ్ళూ ఎలా చదివాడన్నది కూడా అందులో ఉండాలన్నారు. మొదట్లో పాసు, ఫెయిలు అన్న మాటలు కూడా పెట్టలేదు. మార్కులు వేసిచ్చేవారు. ఎవరు కాలేజీకి అర్హులో, ఎవరు సర్కారు ఉద్యోగానికి అర్హులో ఆ మార్కులను బట్టి తేల్చేవారు. అందుకే పెద్దవాళ్ళు "ఎలిజిబుల్ అయ్యాడు" అనేవారు. ఫస్ట్ ఫారంలో చేరి సిక్స్త్ ఫారం దాకా వెళితే, అంటే మన లెక్కన ఆరు నుంచి పదకొండో తరగతి దాకా చదివితే, ఆ పుస్తకం చేతికి వచ్చేది.

అవును, అది కాగితం కాదు, పుస్తకమే. మా పెద్దత్తగారిది ఇప్పటికీ ట్రంకుపెట్టె అడుగున ఉంది. త్రైమాసిక, అర్ధసంవత్సర పరీక్షల మార్కులు, హెడ్మాస్టరుగారి సంతకాలు, ఎడమ చేతి మీద పుట్టుమచ్చ, అన్నీ ఉన్నాయి అందులో. ఆవిడ పుట్టింది కార్తీకమాసంలో, పుస్తకంలో ఉన్నది జూలై 1! బడిలో వేసేటప్పుడు మేష్టారే ఒక తేదీ వేసేశారట. అప్పటి నుంచి సర్కారు వారి లెక్కలో ఆవిడ జూలైలోనే పుట్టారు. ఎస్సెల్సీ పుస్తకంలో పడిన తేదీయే ఉద్యోగంలో చేరడానికీ, రిటైరు కావడానికీ ఆధారమని ఆనాడు బడికి తీసుకెళ్ళిన పెద్దల్లో ఎందరికి తెలుసు?

ఇక మన ఆడవాళ్ళ సంగతికి వద్దాం. కందుకూరి వీరేశలింగంగారు 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. ఆ తరువాత చాలా ఊళ్ళల్లో ఆడపిల్లల బళ్ళు వచ్చాయి. అయితే అవన్నీ చిన్న బళ్ళు. ఫస్ట్ ఫారం, సెకండ్ ఫారం వచ్చేసరికి పిల్లకు పదకొండు, పన్నెండేళ్ళు వచ్చేవి. సరిగ్గా అదే పెళ్ళి వయసు! శారదా చట్టం 1929లో వచ్చి ఆడపిల్లకు పద్నాలుగేళ్ళు నిండాలన్నా, పద్నాలుగేళ్ళకు హైస్కూలు సగం కూడా పూర్తి కాదు. అందుచేత మెట్రిక్ గడప దగ్గరికి వచ్చేవాళ్ళే బహు తక్కువ. పోనీ కొన్నాళ్ళకు భర్త ఒప్పుకున్నాడనుకోండి, లేదా పాపం ఆ భర్త పోయాడనుకోండి, ఇరవయ్యేళ్ళ ఆడది మళ్ళీ వెళ్ళి పన్నెండేళ్ళ పిల్లల పక్కన బల్ల మీద కూర్చోవాలా? ఎస్సెల్సీలో బడి మార్కులు కూడా ఉండాలన్న నియమం పిల్లలకు మేలే చేసింది. ఇంట్లో ఉండి చదువుకునే ఇల్లాలికి మాత్రం అదే అడ్డుగోడ అయింది.

ఆ అడ్డుగోడకు దొడ్డిదారి కనిపెట్టిన వాళ్ళలో ముందు చెప్పుకోవలసింది దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారి పేరు. 1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో టిక్కెట్టు లేదని నెహ్రూగారినే ప్రదర్శన లోపలికి వెళ్ళనివ్వని వాలంటీరు పిల్లగా ఆవిడ మనందరికీ తెలుసు. ఆ కథ వెనక ఉన్న చదువు కథ మాత్రం తక్కువమందికి తెలుసు. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు, పెద్దయ్యాక ఆ పెళ్ళిని ఆవిడ కాదనుకున్నారు. బడిలో ఇంగ్లీషులో పాఠాలు చెప్పడం నచ్చక చిన్నతనంలోనే చదువు మానేశారు. ఆనక ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు. చదువూ చట్టమూ తెలియక, తమ తరఫున ఒక్క మాట చెప్పుకోలేక శిక్షలు అనుభవిస్తున్న ఆడ ఖైదీలను అక్కడ చూశారు. లా చదవాలన్న పట్టుదల అప్పుడు కలిగింది. లా చదవాలంటే బి.ఏ. కావాలి. బి.ఏ.కి ఇంటర్ కావాలి. ఇంటర్‌కి మెట్రిక్ కావాలి. మెట్రిక్‌కి ఏం కావాలో మనకు తెలుసు కదా, అన్నేళ్ళ బడి!

మద్రాసులో దొరకని దారి కాశీలో దొరికింది. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం వారి మెట్రిక్ పరీక్షకు ఆడవాళ్ళు ఇంటి దగ్గర చదువుకుని కూర్చోవచ్చు. ఇరవయ్యేళ్ళు దాటాక ఆవిడ ఆ పరీక్ష నెగ్గారు. ఇంటర్ కూడా అక్కడిదే. బి.ఏ.లో రాజనీతి శాస్త్రం తీసుకుంటానంటే, అది మగపిల్లల సబ్జెక్టని అక్కడ ఒప్పుకోలేదు. సరే, వాల్తేరు వచ్చారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆడపిల్లలకు హాస్టలు లేదన్నారు. ఇంకెవరైనా అయితే మూటాముల్లె సర్దుకుని ఇంటికి వెళ్ళేవారు. ఆవిడ పత్రికలో ప్రకటన వేయించి, చదువుకోదలచిన ఆడపిల్లలను కూడగట్టి, ఇల్లు అద్దెకు తీసుకుని తామే హాస్టలు పెట్టుకున్నారు! ఆ మీదట మద్రాసులో లా పూర్తిచేసి 1942లో ప్లీడరయ్యారు.

నన్నడిగితే ఇంతకంటే పెద్ద పని మరొకటి ఉంది. తాను గడప దాటాక ఆవిడ వెనక్కి తిరిగి చూశారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు కదా, అందులో తెలుగు ఆడవాళ్ళను అదే బెనారస్ మెట్రిక్‌కి తయారుచేసే క్లాసులు పెట్టారు. ఇంటి పనుల మధ్య చదువు వదిలేసిన వాళ్ళు, భర్త పోయి పుట్టింట చేరిన వాళ్ళు, ఆరేళ్ళ హైస్కూలు చదువును కుదించి రెండు మూడేళ్ళల్లో చదివారు. మన తెలుగిళ్ళల్లో "మా పిన్ని బెనారస్ మెట్రిక్" అని ఎవరైనా అంటే, ఆవిడ కాశీలో పెరిగిందని కాదు, ఈ దారిన వచ్చిందని అర్థం.

నిజాం రాజ్యంలో చిక్కు మరో రకం. అక్కడ 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ బోధనతో మొదలైంది. ఇంగ్లీషులో కాక దేశభాషలో పై చదువులు చెప్పడం ఆ రోజుల్లో సాహసమే, మెచ్చుకోవాలి. అయితే తెలుగింటి ఆడపిల్లకు ఇంగ్లీషెంతో ఉర్దూ అంతే! ఇంట్లో వినని భాషలో లెక్కలు, చరిత్ర చదివి పరీక్ష రాయాలి. ఇది చూసి మాడపాటి హనుమంతరావుగారు 1928లో హైదరాబాదులో తెలుగులో బోధించే బాలికల పాఠశాల స్థాపించారు. నారాయణగూడలో నేటికీ ఆయన పేరుతో ఉన్న బడి అదే. బడి పెట్టడం ఒక ఎత్తు, ఆ బడిలో చదివిన పిల్లకు చెల్లుబాటయ్యే సర్టిఫికెట్ ఇప్పించడం ఒక ఎత్తు. తెలుగులో చదివిన హైస్కూలు చదువుకు అక్కడ గుర్తింపు లేదు. మాడపాటివారు పూనా వైపు చూశారు. అక్కడ మహర్షి కార్వే 1916లో ఆడవాళ్ళ కోసమే ఒక విశ్వవిద్యాలయం పెట్టి ఉన్నారు. ఎవరి మాతృభాషలో వాళ్ళు చదవవచ్చు, ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా ఉంటే చాలు. హైదరాబాదు తెలుగు పిల్లలు ఆ పూనా మెట్రిక్‌కి చదివారు. ఊళ్ళోనే ఒక విశ్వవిద్యాలయం ఉండగా, తమ భాషలో పరీక్ష రాయడానికి పరాయి రాష్ట్రం వారి గొడుగు కిందికి వెళ్ళవలసి వచ్చిందంటే మనసు చివుక్కుమనదూ?

స్వాతంత్ర్యం వచ్చాక ఈ దొడ్డిదారులే రాజమార్గమయ్యాయి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే దుర్గాబాయిగారే అధ్యక్షురాలు. గ్రామాల్లో నర్సులు, టీచర్లు, గ్రామసేవికలు కావాలి. ఆ శిక్షణలో చేరాలంటే కనీస చదువు కావాలి. అంత చదువున్న ఆడవాళ్ళు ఎక్కడున్నారు? మద్రాసులో తాను పెట్టిన క్లాసులే ఆవిడకు గుర్తొచ్చి ఉంటాయి. 1958లో పెద్దవయసు స్త్రీలకు కండెన్స్‌డ్ కోర్సు అనే సంక్షిప్త విద్యా పథకం దేశమంతటా మొదలైంది. రెండేళ్ళు చదివి మెట్రిక్‌కి కూర్చోవచ్చు. నూరేళ్ళు నిండిన కార్వేగారికి భారతరత్న ఇచ్చింది కూడా ఆ ఏడే.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కోస్తా వారి ఎస్సెల్సీకీ, తెలంగాణా వారి పద్ధతికీ పొత్తు కుదరడానికి కొన్నేళ్ళు పట్టింది. 1969-70 నుంచి రెండేళ్ళ ఇంటర్మీడియెట్ రావడంతో పదో తరగతి దగ్గర గడప స్థిరపడింది. మా రోజుల్లో, అంటే 1990ల్లో, అన్నిటా 35 మార్కులు, హిందీకి 20 వస్తే గట్టెక్కినట్టు. 2012లో మార్కులు పోయి గ్రేడులు వచ్చాయి, తరువాత మళ్ళీ మార్కులే వచ్చాయి. 2020లో కరోనా మూలంగా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పరీక్షలు పూర్తికాకుండానే పిల్లలందరినీ పాసు చేశారు. పేపర్లు ఎన్ని, బడి మార్కులు ఎన్ని అన్న లెక్కలు ఏడాదికోసారి మారుతూనే ఉంటాయి. కాబట్టి పక్కింటివారి పెద్దబ్బాయి నాటి లెక్క పట్టుకుని కూర్చోకండి, ఈ ఏటి లెక్క బడిలోనే అడగండి.

మరో మాట కూడా అక్కడే అడగాలి. పదో తరగతి పరీక్షకు ముందు బడివారు నామినల్ రోల్ పంపుతారు. సర్టిఫికెట్ మీద ఆ వివరాలే అచ్చవుతాయి. పిల్ల పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం మీ కళ్ళతో చూడండి. ఆధార్‌లో ఒక రకంగా, బడి రిజిస్టర్లో మరో రకంగా ఉంటే, తొమ్మిదిలో ఉండగానే సరిచేయించండి. తరువాత దిద్దించుకోవాలంటే ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరగాలి.

ఇక, పిల్లల పుస్తకాలకు అట్టలు వేస్తూ, మధ్యలో ఆగిపోయిన తన చదువు తలుచుకునే ఇల్లాలు కూడా ఈ మాటలు వింటూ ఉండవచ్చు. ఆవిడకు ఇవాళ బెనారస్ దాకా వెళ్ళే పని లేదు. 1991లో మన రాష్ట్రంలో ఓపెన్ స్కూలు మొదలైంది. రాష్ట్రం విడిపోయాక రెండు చోట్లా ఉంది. పద్నాలుగేళ్ళు నిండితే చాలు, పై వయసుకు హద్దు లేదు. అయిదు సబ్జెక్టులు, తెలుగులోనే చదవవచ్చు. అన్నీ ఒక్కసారే రాయనక్కరలేదు. ఒకసారి పేరు నమోదయితే అయిదేళ్ళల్లో తొమ్మిది అవకాశాలు ఉంటాయి, పాసైన సబ్జెక్టు పాసైనట్టే నిలిచి ఉంటుంది. ఈసారి తెలుగూ సోషలూ, వచ్చేసారి సైన్సు అన్నట్టు వీలు చూసుకుని రాయవచ్చు. క్లాసులు ఆదివారాలు, సెలవు దినాల్లో చెబుతారు. మీ దగ్గరలో ఏ హైస్కూల్లో ఆ కేంద్రం ఉందో, పిల్లను దింపడానికి వెళ్ళినప్పుడు హెడ్మాస్టరుగారి గదిలో ఒక్క మాట అడిగితే చెబుతారు.