చిట్టి కుక్కకు మోకాలి చిప్ప జారితే..
శస్త్రచికిత్స అన్నింటికీ అవసరం లేదు

పరుగెడుతున్న పొమేరియన్ ఉన్నట్టుండి వెనుక కాలు ఒకటి పైకెత్తి మూడు కాళ్లపై నాలుగడుగులు గెంతుతుంది. ఆ కాలిని ఒకసారి వెనక్కి చాచి, ఏమీ జరగనట్లు మళ్లీ పరుగు తీస్తుంది. ముల్లు గుచ్చుకుందేమోనని పాదం చూసి వదిలేసేవారే ఎక్కువ. చిన్న జాతి కుక్కల్లో చాలాసార్లు ఇది మోకాలి చిప్ప గాడి తప్పడమే.

తొడ ఎముక చివరనున్న గాడిలో చిప్ప పైకీ కిందికీ జరగాలి. పొమేరియన్, చువావా, టాయ్ పూడిల్ వంటి వాటిలో గాడి లోతు తక్కువగా ఉండటం, కాలి ఎముకల వరుస పుట్టుకతోనే కొంత వంకరగా ఉండటం వల్ల చిప్ప సాధారణంగా లోపలి వైపునకు జారుతుంది. తరచూ రెండు కాళ్లలోనూ ఈ లోపం కనిపిస్తుంది.

పశువైద్యులు చేత్తో పరీక్షించి దీనిని నాలుగు దశలుగా గుర్తిస్తారు. చేత్తో నెడితే తప్ప చిప్ప జారకపోతే మొదటి దశ. తనంత తానే జారి, తిరిగి గాడిలో పడితే రెండోది. ఎక్కువ సమయం పక్కనే ఉండి, చేత్తో సరిచేస్తే గాడిలోకి వస్తే మూడోది. ఎంత నెట్టినా రాకపోతే నాలుగోది.

కోత ఎవరికి?

మొదటి దశకు కోత అక్కర్లేదు. మూడు, నాలుగు దశల్లో కుంటుతుంటే శస్త్రచికిత్సే మార్గం. ఎదిగే వయసు పిల్లల్లో జాప్యం తగదు, ఎముకలు మరింత వంకర తిరుగుతాయి. చిక్కంతా రెండో దశతోనే. ఇక్కడ దశ కన్నా కుంటే తీరు ముఖ్యం. ఎప్పుడో ఒకసారి గెంతి మామూలుగా తిరిగే కుక్కను గమనిస్తూ ఉండవచ్చు. కుంటు తరచుగా వస్తున్నా, నొప్పి కనిపిస్తున్నా కోత గురించి వైద్యునితో మాట్లాడాలి. అప్పుడప్పుడూ కుంటే కుక్క హఠాత్తుగా కాలు మోపడమే మానేస్తే మోకాలి లోపలి లిగమెంట్ తెగిందని అనుమానించాలి, వెంటనే చూపించాలి.

శస్త్రచికిత్సలో గాడిని లోతు చేస్తారు, అవసరమైతే చిప్పను లాగే స్నాయువు అతుక్కున్న ఎముక ముక్కను పక్కకు జరిపి బిగిస్తారు. తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలు గెంతులు, మెట్లు నిషేధం. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల్లో శస్త్రచికిత్స విభాగాలు ఉన్నాయి.

మాత్రలతో ముప్పు

మనుషులు వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు కుక్కకు వేయరాదు. కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ముద్దుకొద్దీ బిస్కెట్లు, పెరుగన్నం పెట్టి లావెక్కించడమూ మోకాలికి భారమే. పక్కటెముకలు వేళ్లకు తగిలేలా బరువు ఉండాలి. నున్నటి టైల్స్‌పై చాపలు పరిస్తే కాలు జారదు.

ఈ లోపం వంశపారంపర్యంగా వస్తుంది కనుక, చిప్ప జారే కుక్కను జత కట్టించరాదు. పిల్లను కొనేటప్పుడు తల్లి నడకను చూసి కొనాలి.