అక్రిలిక్ పలక: వేడి, వంపు, చూపు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:
అక్రిలిక్ చరిత్రను సాధారణంగా రసాయనశాస్త్ర ఆవిష్కరణగా వివరిస్తారు. పలకను వేడిచేసి వంచే పనితనాన్ని ఆ చరిత్రలో ప్రధానాంశంగా పరిగణించాలని ప్రతిపాదించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: అక్రిలిక్, పర్‌స్పెక్స్, ఉష్ణరూపకల్పన, విమానగవాక్షం, నేత్రకటకం.

1. ఉపోద్ఘాతం:
జర్మన్ రసాయనశాస్త్రవేత్త ఒట్టో రోమ్ 1901లో అక్రిలిక్ ఆమ్ల సంబంధ పదార్థాలపై సిద్ధాంతవ్యాసం సమర్పించాడు. ఆయన సంస్థ 1933లో ‘ప్లెక్సిగ్లాస్’ పేరును నమోదు చేసింది. దాదాపు అదే కాలంలో బ్రిటన్‌లో ఐ.సి.ఐ. సంస్థకు చెందిన రోలాండ్ హిల్, జాన్ క్రాఫర్డ్‌ల కృషి ఫలితంగా ‘పర్‌స్పెక్స్’ రూపొందింది. అయితే పారదర్శకమైన పలక దానంతటదే విమానగవాక్షం కాలేదు. దానిని వంచగల విద్య కూడా అవసరమైంది.

2. వేడిలో దాగిన విద్య:
ఈ పాలిమర్ సుమారు 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర గట్టిదనం కోల్పోవడం మొదలవుతుంది. 150 నుండి 170 డిగ్రీల మధ్య రబ్బరు గుడ్డలా సాగుతుంది. ఇది ఉష్ణాన్ని నెమ్మదిగా గ్రహిస్తుంది కాబట్టి లోపలి పొరలు కూడా సమంగా వేడెక్కేవరకు ఆగాలి. తొందరపడితే వంపులో ఒత్తిడి మిగిలి, కొంతకాలానికి సన్నని పగుళ్లు తేలుతాయి. వేడి మితిమీరితే బుడగలు పుడతాయి. మెత్తబడిన పలకను గుడ్డ కప్పిన అచ్చుపై పరచడం ఒక పద్ధతి. అంచులను బిగించి గాలి ఒత్తిడితో ఉబ్బించడం మరొకటి. రెండవదానిలో అచ్చు తాకదు కనుక పలక నునుపు చెడదు. పోత పోసిన పలకకు మరో లక్షణం ఉంది: వంచిన పలకను మళ్ళీ వేడిచేస్తే అది తన సమతల రూపానికి తిరిగివస్తుంది.

3. యుద్ధం – కన్ను:
రెండవ ప్రపంచయుద్ధకాలంలో పైలట్లకు అన్ని దిక్కులూ కనిపించడం ప్రాణావసరమైంది. పి–51డి ముస్టాంగ్ వంటి విమానాల బుడగ ఆకారపు కప్పులు ఈ అవసరం నుండే వచ్చాయి. అదే గవాక్షం పగిలితే ప్రమాదం. 1940 ఆగస్టు 15న హరికేన్ పైలట్ గోర్డన్ క్లీవర్ కళ్ళలోకి పర్‌స్పెక్స్ ముక్కలు దూసుకుపోయాయి. ఇటువంటి గాయాలను పరిశీలించిన నేత్రవైద్యుడు హెరాల్డ్ రిడ్లీ, కదలకుండా నిలిచిన ముక్కలను కన్ను తీవ్రంగా ప్రతిఘటించలేదని గమనించాడు. 1949 నవంబరు 29న లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో తొలి కృత్రిమ నేత్రకటకాన్ని అమర్చాడు. సహవైద్యుల నుండి దీనికి చాలాకాలం తీవ్ర వ్యతిరేకత ఎదురైంది.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. గవాక్షాన్ని సాధ్యం చేసింది వేడికి లొంగే గుణం. కటకాన్ని సాధ్యం చేసింది శరీరంలో జడంగా ఉండే గుణం. ఈ రెండింటినీ కలిపివేస్తే చరిత్ర అద్భుతకథగా మారుతుంది. కాని వంచిన గవాక్షాలు విమానాలకు ఎక్కకపోతే రెండవ గుణం రిడ్లీకి ఆ విధంగా ఎదురయ్యేది కాదు.

4. ముగింపు:
నేడు తెలుగునాట దుకాణాల నామఫలకాలు తయారుచేసేవారు సైతం వేడి తీగపై అక్రిలిక్ పలకను వంచుతున్నారు. ఎంతసేపు ఉంచాలో వారి చేతికి తెలుసు. ఆవిష్కర్తల పేర్లు గ్రంథస్థమయ్యాయి. ఈ చేతి లెక్క మాత్రం మన భాషలో ఇంకా నమోదు కావలసే ఉంది. శాస్త్రచరిత్రతోపాటు వృత్తిపదకోశాలపై పనిచేసే పరిశోధకులు ఈ దిశగా దృష్టి సారించవలసి ఉంది.