లక్క రికార్డులలోని తెలుగు పలుకు

తెలుగునాటికి వెలుపల తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో తెలుగు లిపి నేర్వని పిల్లలు అనేకులు కలరు. వారికి భాష చెవి ద్వారా దక్కవలెను. కావున అటకపై నున్న గ్రామఫోను రికార్డులను పాత సామానుగా గాక పెద్దల ఆస్తిగా ఎంచవలెను.

1902లో గైస్‌బర్గు కలకత్తాలో గౌహర్‌జాన్ పాటలను ముద్రించెను. 1908లో ఆ నగరముననే రికార్డుల కర్మాగారము వెలసెను. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆ రికార్డులు లక్కతో చేయబడినవి. కపిలవాయి రామనాథశాస్త్రి గారి నాటక పద్యములు వాని మూలముననే నాటకశాల చూడని ఇండ్లకును చేరినవి. 1948లో అమెరికాలో 33 1/3 చుట్ల వినైలు రికార్డు వచ్చెను. ఘంటసాల గారి భగవద్గీత 1974లో అట్టి దానిపై వెలువడెను.

ఈ రెండింటి గాడులు ఒక్కటి గావు. లక్క రికార్డునకు అంగుళములో దాదాపు వేయింట మూడు వంతుల మొన గల ముల్లు, వినైలునకు వేయింట ఒక వంతు మొన గల ముల్లు తగును. సన్నని ముల్లు లక్క గాడి అడుగున దొర్లి గరగరను పెంచును. పాత పెట్టెలోని ఉక్కు ముల్లు బరువుతో గాడినే అరగదీయును. కావున ముల్లు మార్చుటకు వీలై, 78 వేగము గల యంత్రమునే ఎన్నుకొనవలెను. 1954లో ఏర్పడిన స్వర సవరణ పద్ధతి అంతకు పూర్వపు రికార్డులకు సరిపడదు. దానిని మార్చుకొనగల యాంప్లిఫయరు మేలు.

కంప్యూటరులో 96 కిలోహెర్ట్‌జు, 24 బిట్ల ప్రమాణమున వేవ్ ఫైలుగా భద్రపరుపవలెను. గరగర తీయుట వేరొక ప్రతిలోనే జరుగవలెను. అందు పలుకు చెడినను మూలము మిగులును. లక్క రికార్డును స్పిరిటుతో తుడువరాదు, లక్క కరగును.

రికార్డు చీటిపై గల పేరును, సంఖ్యను తప్పక వ్రాసి ఉంచుడు. పేరు తెలియని గొంతు మనుమలకు పరాయి గొంతే యగును.