ఆర్యభటుని మాటయు పండితుల యభ్యంతరమును

గ్రహణము పట్టు దినమున మన యిండ్లలో నీళ్లబిందెలపైనను ఆవకాయ జాడీలపైనను దర్భపోచలు వేయుట శ్రోతలెరిగినదే. పట్టువేళయు విడుపువేళయు పంచాంగమున ముందే యుండును. లెక్క కట్టిన సిద్ధాంతిగారికి చంద్రునిపై పడునది భూచ్ఛాయ యని బాగుగ తెలియును. అయినను స్నానమాడి జపమునకు కూర్చుందురు. ఈ రెండును ఒక్క మనస్సులో తగవులేక యెట్లు కాపురము చేయుచున్నవో తెలియగోరితిమేని చాల వెనుకకు పోవలెను.

499లో, 23 ఏండ్ల ప్రాయమున, ఆర్యభటుడు తన చిన్న గ్రంథమున నక్షత్రములు కదలవనియు, భూమియే తన చుట్టు తాను తిరుగుచున్నదనియు చెప్పెను. పడవలో ముందుకు సాగువానికి ఒడ్డుననున్నవి వెనుకకు పోవుచున్నట్లు తోచును గదా, నక్షత్రముల పడమటి నడకయు నట్టిదే యనెను. ఒక మహాయుగమున భూమి 1,58,22,37,500 మారులు తిరుగునని లెక్క. దానినిబట్టి ఒక్క చుట్టునకు 23 గంటల 56 నిమిషముల 4 సెకండ్లు. నేటి కొలతతో దీనికి సెకండులో భిన్నమే భేదము.

ఆరవ శతాబ్దిననే వరాహమిహిరుడు ఎదురు ప్రశ్న వేసెను: భూమి తిరుగునేని, గూడు విడిచి యెగిరిన డేగ మరల తన గూటికెట్లు చేరును? దీనికి మనము నవ్వరాదు. గాలియు పక్షియు భూమితోపాటే సాగుచున్నవని వివరింపదగిన చలనశాస్త్రము నాటికి పుట్టలేదు. అది కంటిని నమ్ముకొన్న పండితుని నిజాయితీగల సందేహము.

బ్రహ్మగుప్తుని సంగతి వేరు. 628లో, 30 ఏండ్ల వయస్సున, ఆయన ఆర్యభటుని ఘాటుగ ఖండించెను. భూమి తిరుగునేని ఎత్తైనవి యేల కూలవని యడుగుట సరే. గ్రహణములకు రాహువు కారణము కాదనుట వేదస్మృతులకు విరుద్ధమనియు, అట్లయిన గ్రహణకాలమున జనులాచరించు కర్మలన్నియు నిష్ఫలములగుననియు వాదించెను. చిత్రమేమన, ఆ గ్రంథముననే గ్రహణగణితము నీడ కొలతతోనే చేసెను! 1030 ప్రాంతమున ఈ భాగము చదివిన అల్బెరూనీ విస్తుపోయి, సోక్రటీసునకు పట్టిన గతి తనకును పట్టునని వెరచి యిట్లు వ్రాసెనేమో యని యూహించెను. మాకు భయమొక్కటే కారణమని తోచదు. ఏటిలో మునిగి లేచుచున్న వేలాది జనుల యెదుట నిలిచి, మీ స్నానము వ్యర్థమని పలుకుటకు ఆయనకు నోరు రాలేదేమో. నీడ లెక్కతో ఆయనకు పేచీ లేదు. దాని వెంట కూలిపోవు వానితోనే పేచీ.

ఆర్యభటుని గౌరవించినవారు సైతము తక్కువ చేయలేదు. గురువు తప్పు చెప్పెననుటకు మనసొప్పదు, భూమి తిరుగుననుటకును ఒప్పదు. కొందరు ఆ తిరుగుట వట్టి తోపు మాత్రమేయని వ్యాఖ్యానించిరి. ఒక శ్లోకమున ‘భూః’ యున్నచోట ‘భం’ అను పాఠము వెలసెను. ఒక్క అక్షరముతో భూమి నిలిచిపోయి నక్షత్రములు తిరుగసాగినవి! విరోధి యొక్క ఖండనము గ్రంథమున మిగులును, చదువరి తేల్చుకొనవచ్చును. భక్తుని సవరణ కంటబడనే పడదు. అందుచేత మాకు దీనిపైననే యెక్కువ కినుక. తొమ్మిదవ శతాబ్దిన పృథూదకస్వామి యొకడు, బ్రహ్మగుప్తునికే వ్యాఖ్య వ్రాయుచు, భూభ్రమణము విషయమున ఆర్యభటుని పక్షము వహించెను.

బ్రహ్మగుప్తుడు 665లో, 67 ఏండ్ల వయస్సున, ఖండఖాద్యకమను మరియొక గ్రంథము రచించెను. పెండ్లి ముహూర్తములకును జాతకములకును నిత్యము పనికివచ్చు సులభగణిత మది. అందలి ఫలితములు ఆర్యభటుని లెక్కకు సమానముగ నుండునని మొదటనే చెప్పుకొనెను.