సానియా మీర్జా: మణికట్టు గాయంతో ఆగిన సింగిల్స్ ప్రస్థానం

సానియా మీర్జా (జననం 15 నవంబర్ 1986, ముంబై) హైదరాబాద్‌లో పెరిగిన టెన్నిస్ క్రీడాకారిణి. ఆరు గ్రాండ్‌స్లామ్ ట్రోఫీలు గెలిచి, డబుల్స్‌లో 91 వారాల పాటు ప్రపంచ నంబర్ 1గా నిలిచిన ఈమె కెరీర్‌ను గాయం దెబ్బతీసిందంటే చాలామంది నమ్మరు. కానీ సానియాకు అంతకుముందు ఇంకో కెరీర్ ఉంది. సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా ఎదిగిన ఆ ఆటకు ఆమె కుడి మణికట్టే అడ్డం పడింది. శస్త్రచికిత్స జరిగేనాటికి ఆమె వయసు 21 ఏళ్ళు.

బాల్యం, ఆటతీరు

ఆరేళ్ళ వయసులో రాకెట్ పట్టింది. పిల్ల మరీ చిన్నదని మొదట చేర్చుకోవడానికి ఒప్పుకోని కోచ్, నెల తిరిగేసరికి తల్లిదండ్రులను తానే పిలిపించి ఆమె ఆట చూడమన్నాడని సానియా చెబుతుంది. ఆ రోజుల్లో ఆమె ఆడిన కోర్టులు పేడతో అలికినవి. పొద్దున్నే వాకిట్లో అలుకు చల్లినట్టే కోర్టును అలికి, ఆరాక గీతలు గీసి ఆడేవారు. తర్వాతి కాలంలో తండ్రి ఇమ్రాన్ మీర్జాయే ఆమెకు కోచ్‌గా కూడా ఉన్నాడు. 2003లో రష్యాకు చెందిన అలీసా క్లెబనోవాతో కలిసి వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచాక ఆమె పేరు దేశమంతా తెలిసింది.

ఆమె ఆటకు ప్రాణం ఫోర్‌హ్యాండ్. భుజం తిప్పి రాకెట్‌ను వెనక్కి తీసుకున్నప్పుడు మణికట్టు బాగా వెనక్కి వంగి ఉండేది. బంతి తగిలే క్షణంలో కొరడా చివర విదిలినట్టు ముందుకు దూకేది. ఆ విదిలింపు వల్లే బంతి ఎటు వెళ్తుందో అవతలివాళ్ళు ముందుగా పసిగట్టలేకపోయేవారు. సర్వీసు బలహీనం, కోర్టులో కదలిక అంత చురుకైనది కాదు. ఈ రెండు లోపాలనూ ఆ ఒక్క దెబ్బే కప్పేసేది. అంటే ఆట బరువంతా మణికట్టు మీదే పడింది.

2005

ఆ ఏడాది మొదలయ్యేనాటికి సానియా 200వ ర్యాంకుకు ఆవల ఉంది. జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండ్ దాకా వెళ్ళి సెరీనా విలియమ్స్ చేతిలో ఓడింది. ఫిబ్రవరి 12న సొంత ఊరి హైదరాబాద్ ఓపెన్ ఫైనల్లో ఉక్రెయిన్‌కు చెందిన అల్యోనా బొండరెంకోను 6-4, 5-7, 6-3తో ఓడించి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది.

మూడు వారాలకు దుబాయ్‌లో ఆడిన మ్యాచ్ ఇంకా గొప్పది. ఎదురుగా అప్పటి యూఎస్ ఓపెన్ విజేత స్వెత్లానా కుజ్నెత్సోవా. తొలి సెట్లో 0-4తో వెనకబడ్డ సానియాకు చీలమండ కూడా మెలిపడింది. చికిత్స చేయించుకుని మళ్ళీ కోర్టులోకి దిగి, ఆ తర్వాతి 14 గేముల్లో 12 గెలిచి మ్యాచ్‌ను 6-4, 6-2తో ముగించింది. సెప్టెంబరులో యూఎస్ ఓపెన్ నాలుగో రౌండ్‌కు చేరి మరియా షరపోవా చేతిలో ఓడింది. 2007 ఆగస్టులో 27వ ర్యాంకు వచ్చింది. ఇప్పటివరకు మరే భారతీయ మహిళా సింగిల్స్‌లో తొలి వందలోకి కూడా రాలేదు.

మణికట్టు

2008 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో వీనస్ విలియమ్స్‌తో మూడో రౌండ్ ఆడిన కొన్ని వారాలకే మణికట్టు నొప్పి ఆటను ఆపేసింది. ఏప్రిల్‌లో శస్త్రచికిత్స జరగడంతో ఫ్రెంచ్ ఓపెన్ పోయింది. రెండు నెలలకే వింబుల్డన్ ఆడింది. ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్ తొలి రౌండ్‌లో చెక్ క్రీడాకారిణి ఇవేటా బెనెషోవాతో ఆడుతూ నొప్పి భరించలేక మ్యాచ్ మధ్యలోనే వైదొలిగింది. తల కూడా దువ్వుకోలేని ఆ నెలల్లో మానసికంగా కుంగిపోయానని, కారణం లేకుండానే ఏడ్చేదాన్నని ఆమె తర్వాత బాహాటంగా చెప్పింది. ఇరవైల తొలినాళ్ళలో ఉన్న ఆటగాళ్ళు ఇలాంటి మాట బయటికి చెప్పడం మన దేశంలో అరుదు. టైటిల్ గెలవడానికి ఎంత ధైర్యం కావాలో దీనికీ అంతే కావాలి.

మణికట్టు గాయాలు టెన్నిస్‌లో ఇంకొందరినీ కూల్చాయి. అర్జెంటీనాకు చెందిన హువాన్ మార్టిన్ డెల్ పొట్రో ఎడమ మణికట్టుకు మూడుసార్లు శస్త్రచికిత్స చేయించుకున్నాడు. అయితే అతడు కుడిచేతి ఆటగాడు. రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ బదులు ఒంటిచేత్తో స్లైస్ ఆడుతూ నెట్టుకురాగలిగాడు. ఆస్ట్రియాకు చెందిన డొమినిక్ థీమ్‌కు 2021లో కుడి మణికట్టు దెబ్బతింది. పాత ఫోర్‌హ్యాండ్ మళ్ళీ రాక 2024లో ఆట మానేశాడు. సానియా పరిస్థితి థీమ్‌ లాంటిదే. గాయం తగిలింది సరిగ్గా ఆయుధం పట్టిన చేతికే.

అయినా 2009లో పటాయా ఫైనల్ దాకా వెళ్ళింది. తర్వాత మణికట్టు మళ్ళీ ఇబ్బంది పెట్టింది, మోకాళ్ళకూ శస్త్రచికిత్సలు జరిగాయి. 2012 తర్వాత సింగిల్స్ ఆడలేదు.

డబుల్స్

డబుల్స్‌లో కాపు కాయాల్సింది సగం కోర్టే. సర్వీసు వంతు నాలుగు గేములకు ఒకసారి వస్తుంది. మోకాళ్ళ మీద, మణికట్టు మీద భారం ఆ మేరకు తగ్గుతుంది. ఫోర్‌హ్యాండ్ పదును మాత్రం తగ్గనక్కర్లేదు. 2009లో మహేశ్ భూపతితో ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ గెలవడంతో ఈ రెండో కెరీర్ మొదలైంది. 2015లో మార్టినా హింగిస్‌తో జట్టు కట్టాక శిఖరానికి చేరింది. వింబుల్డన్ ఫైనల్ మూడో సెట్లో 2-5తో వెనకబడి కూడా ఆ జంట 5-7, 7-6, 7-5తో గెలిచింది. ఆ తర్వాత వరుసగా 41 మ్యాచ్‌లు గెలిచింది. 2018లో తల్లి అయిన సానియా 2020 జనవరిలో తిరిగొచ్చి హోబార్ట్ డబుల్స్ టైటిల్ గెలిచింది.

2023 మార్చి 5న హైదరాబాద్ లాల్‌బహదూర్ స్టేడియం టెన్నిస్ కోర్టులో వీడ్కోలు మ్యాచ్‌లు ఆడింది. 2005లో తన ఏకైక డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచింది కూడా అక్కడే.