అద్దెకా, లీజుకా, కొనడమా? మన ప్రాంతం నేర్పిన లెక్క

ఈ ఏడాది మహాసభలో ఎక్కువసేపు చర్చ జరిగిన విషయం పొదుపు కాదు, అప్పుల వసూలు కూడా కాదు. గోడౌన్‌లో బస్తాలు ఎత్తే బండి. ఫోర్క్‌లిఫ్ట్ అంటారు. భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లకు పనికి వెళ్లే మన సభ్యులు కొందరు దాన్ని రోజూ చూస్తూనే ఉన్నారు. ముందు రెండు ఇనుప కొమ్ములుంటాయి. చెక్క పలక మీద పేర్చిన బస్తాలను కిందనుంచి ఎత్తి, నెట్టు మీద పెట్టేస్తుంది.

సభలో మూడు మాటలు వచ్చాయి. "కొనేద్దామండి, కొంటే మనదవుద్ది" అన్నారు కొందరు. "అంత డబ్బు ఒకేసారి ఎందుకు, నెలకింతని లీజుకు తీసుకుందాం" అన్నారు ఇంకొందరు. వెనక వరసలోంచి ఒకామె లేచి, "బండి వస్తే మా ఆయన ముఠా పని ఏమవుద్ది?" అని అడిగింది. సభ కాసేపు నిశ్శబ్దమైంది. ఆ ముఠాలో మన సభ్యుల ఇళ్లవాళ్లే పదిమంది దాకా ఉన్నారు మరి.

ఆ రోజు తీర్మానం చెయ్యలేదు. పాత సంగతులు, కొత్త లెక్కలు తెలుసుకుని మళ్లీ కూర్చుందామనుకున్నాం. అలా తెలుసుకున్నవి, చివరికి తేల్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాం.

పాత రోజుల అద్దె

ఈ ప్రశ్న మన ప్రాంతానికి కొత్తది కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల వెంట పంట పెరిగింది. ఆ కాలువలు నీటికే కాదు, పడవలకూ దారులయ్యాయి. ఏలూరు కాలువ గోదావరిని, కృష్ణను కలిపింది. లారీలు లేని ఆ రోజుల్లో ధాన్యం పడవల మీదే వెళ్లేది. నాలుగు బస్తాలు అమ్ముకునే రైతు పడవ కొనడు కదా. బస్తాకింతని కేవు ఇచ్చి పంపేవాడు. ఏడాది పొడుగునా సరుకు తిప్పేవాడికే సొంత పడవ గిట్టుబాటయ్యేది.

ఎడ్ల సంగతీ అంతే. ఒక్క ఎద్దే ఉన్న ఇల్లు, ఇంకో ఎద్దు ఉన్న ఇంటితో జోడు కట్టుకునేది. అసలు ఎడ్లే లేనివాళ్లు అరకను కూలికి పిలిచేవారు. ఎడ్లున్న ఇల్లు మాత్రం పనిలేని నెలల్లోనూ వాటికి గడ్డి వెయ్యాల్సిందే. సొంతానికి ఉన్న ఖర్చు అదే. పని ఉన్నా లేకపోయినా మేత ఆగదు. యంత్రానికి ఆ మేత పేరు వడ్డీ, బీమా, రిపేరు.

ఈమధ్య వచ్చిన వరికోత మిషన్లను చూడండి. మన బురద చేలల్లో చైను మిషనే దిగుతుంది. కోతలు ముగిశాయంటే దానికిక్కడ పని లేదు. అందుకే మిషను కొన్నవాడు ఒక ఊరి కోతలు అయ్యాక ఇంకో ఊరికి తోలుకెళ్తాడు. చిన్న రైతులు ఎక్కువమంది గంటకింతని అద్దె ఇచ్చి కోయించుకుంటారు. అది చేతకాక చేసే పని కాదు, లెక్క తెలిసి చేసే పని.

కొల్లేరు చెప్పిన పాఠం

అద్దె ఒకటైతే లీజు ఇంకొకటి. లీజు గురించి మనకు కొల్లేరు కంటే పెద్ద పాఠం లేదు. 1970లలో ప్రభుత్వం లంక గ్రామాల మత్స్యకారులకూ, పేదలకూ సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు తవ్వించింది. కాగితం మీద చెరువు సంఘానిది. కానీ చెరువు నడపాలంటే చేపపిల్ల కావాలి, మేత కావాలి, గట్టు కట్టాలి, మార్కెట్టు తెలియాలి. ఆ పెట్టుబడి సంఘాల దగ్గర లేదు. రానురాను చాలా చెరువులు డబ్బున్న బయటివాళ్లకు లీజుకు వెళ్లాయి. సభ్యుడికి లీజు డబ్బులో కొంత వాటా దక్కింది. తన చెరువు గట్టు మీద తానే కూలికి నిలబడ్డ వాళ్లూ ఉన్నారు.

తర్వాత సంగతి మీకు తెలిసిందే. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత అభయారణ్యంలోని చెరువుల గట్లు కొట్టేశారు. ఆ నిర్ణయం మంచిచెడ్డలు ఇక్కడ మాట్లాడటం లేదు. మనం తీసుకోవాల్సిన మాట ఒక్కటే. పేరు మనదై, పని, లెక్క ఇంకొకరి చేతిలో ఉంటే లాభం కూడా వాళ్ల చేతిలోనే ఉంటుంది. బండి కొన్నా, దాన్ని నడిపేవాడు, బాగుచేసేవాడు, లాగ్‌బుక్ రాసేవాడు అందరూ బయటివాళ్లే అయితే మనం సొంతదారులం కాము. అప్పు కట్టేవాళ్లం మాత్రమే.

బండి ఎక్కడ పుట్టింది

1917లో అమెరికాలో క్లార్క్ అనే కంపెనీ, ఇరుసులు చేసే తన ఫ్యాక్టరీలో సామాను మోసుకోవడానికి ఒక చిన్న బండి తయారు చేసుకుంది. అమ్మాలని కాదు, తన పనికే. ఫ్యాక్టరీ చూడడానికి వచ్చినవాళ్లు మాకూ ఒకటి చేసివ్వండని అడగడంతో అది వ్యాపారమైంది. ఎత్తే కొమ్ములు ఆ తర్వాత వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో సరుకును చెక్క పలకల మీద పేర్చి తరలించడం బాగా పెరిగింది. పలక లేకపోతే ఈ బండికి పని లేదు. కొమ్ములు దూరడానికి బస్తాల కింద సందు ఉండాలి కదా. అంటే బండి ఒక్కటి కొంటే సరిపోదు. పలకలు కావాలి, గుంటలు లేని గట్టి సిమెంటు నేల కావాలి, తలుపు ఎత్తు చాలాలి. బ్యాటరీ బండైతే రాత్రి ఛార్జింగుకు కరెంటు కావాలి. పొగ రాదు కాబట్టి తిండిగింజల గోడౌన్‌కు బ్యాటరీదే మేలు.

మన లెక్క

మన పద్దుల్లో చూస్తే గోడౌన్‌లో బరువు పని సార్వా కోతలప్పుడు 25 రోజులు, దాళ్వాకు 30 రోజులు. మొత్తం 55 రోజులు. ఇక కింది ధరలు లెక్క తీరు తెలియడానికి వేసుకున్న ఊహ అంకెలే. నిజం ధరలు అడిగి తెచ్చాక ఇదే తీరున మీరూ వేసుకోవచ్చు.

కొంటే: బండి 9 లక్షలు అనుకుందాం. పదేళ్లు నడిస్తే ఏడాదికి అరుగుదల 90 వేలు. వడ్డీ నూటికి పది చొప్పున మొదటి ఏడాది 90 వేలు. బీమా, సర్వీసు, బ్యాటరీ కోసం 40 వేలు. డ్రైవరుకు నెలకు 15 వేలు చొప్పున 1 లక్షా 80 వేలు. మొత్తం 4 లక్షలు.

లీజుకు తీసుకుంటే: నెలకు 20 వేలు, పన్నెండు నెలలకు 2 లక్షలా 40 వేలు. డ్రైవరు జీతం కలిపితే 4 లక్షలా 20 వేలు. కొన్నదానికంటే కాస్త ఎక్కువే, కానీ మొదట పెద్ద మొత్తం పెట్టక్కర్లేదు.

అద్దెకు తెస్తే: డ్రైవరుతో సహా రోజుకు 4 వేలు. 55 రోజులకు 2 లక్షలా 20 వేలు.

అదే అద్దె 100 రోజులైతే 4 లక్షలవుతుంది, అంటే కొన్న ఖర్చుతో సమానం. కాబట్టి మన గీత 100 రోజుల దగ్గరుంది. అది దాటితే కొనడం గురించి ఆలోచించాలి. దాటకపోతే అద్దే మేలు. లీజుకు వెళ్లేముందు మూడు ప్రశ్నలు అడగాలి. పని లేని నెలకూ డబ్బు కట్టాలా? రిపేరు ఎవరిది? గడువు ముగిశాక బండి ఎవరిది? జవాబులు నోటిమాటగా కాక, తెలుగులో కాగితం మీద ఉండాలి.

మన బండితో ఊళ్లో వాళ్లకూ పని చేసిపెడితే రోజులు పెరుగుతాయి కదా అని ఒకరడిగారు. నిజమే. 2023లో కేంద్రం ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం ఆ ఆలోచన మీదే నిలబడింది. 15 వేల మహిళా సంఘాలకు డ్రోన్లు, 8 లక్షలు మించకుండా ధరలో 80 శాతం సాయం, సంఘం నుంచి ఒకరికి 15 రోజుల శిక్షణ. సంఘం తన చేలకే కాక రైతులందరికీ అద్దెకు మందు కొట్టి సంపాదించాలి. అక్కడ సొంతం అర్థవంతమవడానికి కారణం సబ్సిడీ ఒక్కటే కాదు, నడిపే చెయ్యి సంఘానిదే కావడం. కానీ డ్రోను చేను చేనుకూ వెళ్తుంది. ఫోర్క్‌లిఫ్ట్ మట్టి రోడ్డు మీద, బురదలో నడవదు. దాని పని గోడౌన్ గడప లోపలే.

వెనక వరస ప్రశ్న

ఆ సోదరి ప్రశ్నకు అంకెలతో జవాబు రాదు. ముఠా మనుషుల్ని పిలిచి మాట్లాడాం. నేల మీద బస్తా మోయడం కంటే, ఎత్తు నెట్టు ఎక్కి బస్తా వెయ్యడమే నడుం విరిచే పని అని వాళ్లే చెప్పారు. బండి వచ్చినా లారీ నుంచి దించి పలక మీద పేర్చడానికి మనుషులు కావాలి. అయినా కూలి కొంత తగ్గుతుందన్నది నిజం. దాన్ని దాచి చెప్పడం మాకు ఇష్టం లేదు.

అందుకే రెండో సభలో ఇలా తీర్మానించాం. వచ్చే సార్వా, దాళ్వా రెండు పంటలూ బండి అద్దెకే. ఆ రెండు పంటల్లో ముఠా కూలి రేటు తగ్గించకూడదు. ముఠాలో ఇద్దరికి, మన సభ్యుల్లో ఇష్టమున్న ఇద్దరికి నడపడం నేర్పించాలి. నేర్చుకోనివారు బండి ఎక్కకూడదు. కొమ్ముల మీద మనిషిని ఎక్కించి పైకి లేపకూడదు. బండి మీద రాసిన బరువు మించకూడదు.

గోడౌన్ తలుపు పక్కన ఒక పుస్తకం వేలాడదీశాం. బండి ఏ రోజు వచ్చింది, ఎన్ని గంటలు నడిచింది, ఎన్ని బస్తాలు ఎత్తింది, ఆ రోజు ముఠాకు ఎంత ముట్టింది, అన్నీ అందులో రాయాలి. డ్యూటీలో ఉన్న సభ్యురాలు సాయంత్రం తాళం వేసేముందు రాసి సంతకం పెట్టాలి. వచ్చే మహాసభకు ఆ పుస్తకమే తెస్తాం. కొనాలా వద్దా అన్నది అప్పుడు దాన్ని చూసి అందరం కలిసి తేల్చుకుందాం. ఆ రోజు వెనక వరసలో కూర్చున్నవాళ్లు ముందు వరసలో కూర్చోవాలని మా కోరిక.