మధేసీ అంటే ఎవరు?

నేపాల్ దక్షిణాన, బిహార్, ఉత్తరప్రదేశ్ సరిహద్దుల వెంట పరుచుకున్న మైదానం పేరు తరాయి. అక్కడ ఉండేవాళ్లు మధేసీలని వార్తాకథనాలు ఒక్క మాటలో తేల్చేస్తుంటాయి. వాడుకను దగ్గరగా చూస్తే ఆ అర్థం నిలవదు.

2021 జనగణన ప్రకారం నేపాల్ జనాభాలో దాదాపు 54 శాతం తరాయిలోనే ఉంది. 1950ల్లో మలేరియా నిర్మూలన మొదలయ్యాక కొండల నుంచి పెద్దయెత్తున జనం దిగివచ్చారు. తరాయి తూర్పు కొసన ఉన్న ఝాపా జిల్లాలో వాళ్ల మనవలు మైదానంలోనే పుట్టిపెరిగారు. అయినా వాళ్లు పహాడీలే, అంటే కొండవాళ్లే. మైథిలీయో భోజ్‌పురీయో మాట్లాడే కుటుంబం కాఠ్‌మాండూలో స్థిరపడినా మధేసీయే. అంటే ఈ పేరుకు చిరునామా కన్నా భాష, కులం, సరిహద్దు అవతలి వియ్యాలే ఎక్కువ ఆధారం.

థారూల సంగతి మరీ చిక్కు. తరాయి అడవుల్లో ఎంతో ముందునుంచీ ఉన్నవాళ్లు. తమను మధేసీల్లో కలిపెయ్యడాన్ని నిరసిస్తూ 2009లో రోడ్డెక్కారు. 2015 రాజ్యాంగం మధేసీ, థారూ, ముస్లిం కమిషన్లను విడివిడిగా పెట్టింది.

మధేసీ 'మధ్యదేశం' నుంచి పుట్టిన మాట అన్నది ప్రచారంలో ఉన్న వ్యుత్పత్తి. కావచ్చు, నేటి వాడుక మాత్రం దానితో తెలియదు. 1951లో వేదానంద్ ఝా పెట్టిన పార్టీ పేరు నేపాల్ తరాయి కాంగ్రెస్. పార్టీ పేరొక్కటే సాక్ష్యమనలేం గానీ, అప్పటికి 'మధేసీ' రాజకీయ గుర్తింపుగా గట్టిపడలేదనుకోవడానికి అదొక ఆనవాలు. పైగా 'మదిసే' అన్న రూపం కొండవాళ్ల నోట తిట్టు. 2007 జనవరిలో మధేసీ జనాధికార్ ఫోరం తాత్కాలిక రాజ్యాంగం ప్రతులు తగలబెట్టి, సమాఖ్య వ్యవస్థ కోసం ఉద్యమించింది. తలదించుకునేలా చేసిన పేరే నినాదమైంది. అదే ఏడు సివిల్ సర్వీసు చట్ట సవరణ, రిజర్వు చేసిన ఉద్యోగాల్లో 22 శాతం మధేసీలకు కేటాయించింది. ఇక ఎవరు మధేసీ అన్నది కూటికి సంబంధించిన ప్రశ్న అయింది.

2022లో రెండో నంబరు ప్రావిన్సుకు మధేస్ ప్రదేశ్ అని పేరుపెట్టారు. అందులో ఉన్నవి 8 జిల్లాలే. తరాయి దానికి అటూ ఇటూ ఇంకా చాలా దూరం ఉంది. కాబట్టి మధేస్ ప్రదేశ్ వాసీ, మధేసీ కూడా ఒకటి కాదు.

మన విలేకరులకు ఒక మనవి. 'భారత సంతతి మధేసీలు' అని రాసేముందు ఒక్కసారి ఆగండి. పౌరసత్వం దగ్గర వాళ్లను దశాబ్దాలుగా అనుమానితులను చేస్తున్నది ఆ ముద్రే.